పోపుగారి ఎడమ కాలు

పన్నెండేళ్లు ఆ ఎడమ కాలికి కట్టు కట్టింది నేను. కార్డినల్ గారింట్లో వంటమనిషినని పేరేగానీ, పొద్దున లేస్తే నా మొదటి పని ఆ పుండే. ఉప్పునీళ్లతో కడిగి, పందికొవ్వూ మైనమూ కలిపి కాచిన మందు రాసి, పాత దుప్పటి గుడ్డతో వదులుగా కట్టాలి. బిగిస్తే కుళ్లుతుంది.

"మెల్లిగా ఒర్సొలా, మెల్లిగా! అది కాలు, కోడి కాదు!" అని రోజూ అరిచేవాడు.

"కోడైతే ఇంత గోల చెయ్యదు అయ్యగారూ" అనేదాన్ని.

పాత పోపు పోయాక, కొత్త పోపుని ఎన్నుకునే కార్డినళ్లలో రెండు ముఠాలూ ఎటూ తేల్చుకోలేక, ఎలాగూ ఎక్కువ రోజులు బతకడులే అని మా ముసలి కార్డినల్ గారినే పోపుగా ఎన్నుకున్నారు. కబురు తెలిసిందో లేదో ఊరంతా మా ఇంటిమీద పడింది. పోపైనవాడికి ఇంక సొంతిల్లెందుకట! రోములో అదే ఆనవాయితీ. మంచాలూ, తలుపులూ, చివరికి నా మందు జాడీ కూడా ఎత్తుకుపోయారు. వాళ్ల చేతులు పడిపోను!

మళ్లీ మందు కాచుకుని పోపుగారి భవనానికి వెళ్లాను. గుమ్మంలోనే అక్కడి నౌకర్ల పెద్ద బాల్దస్సారె అడ్డుపడ్డాడు.

"ఏంటమ్మా, జాడీ పట్టుకుని ఊరేగుతున్నావ్? ఆడవాళ్లు పైకి రాకూడదు."

"నేను ఆడదాన్నని ఆయన పన్నెండేళ్లలో ఒక్కసారీ గమనించలేదు నాయనా. కట్టు మార్చి వచ్చేస్తాను."

"ముగ్గురు వైద్యులున్నారు. నిన్ననే కత్తిపెట్టి కోశారు కూడా. మధ్యలో నీ కొవ్వెందుకు?"

కోశారన్న మాట విన్నాక ఊరుకోలేకపోయాను. తొమ్మిది రోజులు తిరిగాను. ఆ గుమ్మం దాటనివ్వలేదు.

పదోనాడు నా మట్టిబుర్రకి తట్టింది. పోపు కిందికొచ్చి కూర్చున్నప్పుడు ఆయన పాదం ముద్దు పెట్టుకోవడానికి ఆడైనా మగైనా వరసలో నిలబడొచ్చు కదా! నిలబడ్డాను. నా వంతు వచ్చి వంగితే గుప్పున వాసన. అత్తరు చల్లారుగానీ, నాకు తెలియదా ఆ కాలు? కట్టు పిక్కదాకా బిగించేశారు, దుర్మార్గులు.

పైనుంచి సన్నగా వినిపించింది. "ఒర్సొలా... విప్పవే. నీకు పుణ్యముంటుంది."

ఆయన నన్ను బతిమాలడం అదే మొదటిసారి. ముడి అందుకున్నాను. ఒక్క చుట్టు ఊడిందో లేదో భటులు నా రెక్కలు పట్టి లాగేశారు. "వదలండి, ఆవిణ్ణి వదలండి" అంటున్నాడు ఆయన. లోకమంతా మొక్కే మనిషి, ఆయన మాట ఒక్కడూ వినలేదు. బాల్దస్సారె వంగి ముడి ఇంకా గట్టిగా బిగించాడు. నేను వెర్రిదానిలా ఏడ్చాను.

ఎన్నికైన ఇరవైరెండో రోజున పోయాడు.

శవాన్ని చర్చిలో కటకటాల వెనక పడుకోబెట్టి, జనం ముద్దు పెట్టుకోవడానికి పాదాలు మాత్రం బయటికి ఉంచారు. ఈసారి నన్నెవరూ లాగలేదు. శాలువా కిందనుంచి జాడీ తీశాను. ఆ కట్టు విప్పి, మందు రాసి, మళ్లీ వదులుగా కట్టాను. నా చేతులు మొరటువి, గట్టిగానే తగిలుంటాయి. మెల్లిగా అని అరుస్తాడేమోనని కాసేపు చూశాను.