బాలన్న లేపిన హద్దు

అరబ్బు ఎడారిలో హఫర్ అల్ బాతిన్ ఊరి నుంచి దేశ సరిహద్దు వైపు గంటన్నర వెళితే మా సైటు. అక్కడ గీసిన హద్దు గీతకు అవతల ఎవరూ అడుగుపెట్టకూడదు. ఆ గీత పొడవునా మోకాలెత్తు కాంక్రీటు దిమ్మెలు పెట్టడం మా కంపెనీ పని, కొలతలు చూసి సంతకం చేయడం నా పని. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కడినే. సంతకం అంటే నాకు భయమూ భక్తీ రెండూ ఉన్నాయి.

ఆ గురువారం ఉదయం కొలత మిషన్ పెట్టి చూస్తే పద్నాలుగు దిమ్మెలు చోటు తప్పి ఉన్నాయి. తప్పినవి చెల్లాచెదురుగా లేవు, గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. నక్షాలో హద్దు అక్కడ వంపు తిరిగి, ఇక్కడి గొర్రెల ఆసామి అబూ మిషాల్ బావిని ఇవతలికి వదలాలి. ఇప్పుడు బావి అవతల పడింది. మొదట మిషన్‌ను అనుమానించాను, తర్వాత నక్షాను, చివరికి నన్ను నేనే.

పదింటికి సరిహద్దు దళం కెప్టెన్ తనిఖీకి వస్తాడు.

దగ్గరలో బాలన్న గొర్రెలు కాస్తున్నాడు. రాయికల్ దిక్కు మనిషి, ఏడేళ్లుగా అబూ మిషాల్ మందకు కాపరి.

"బాలన్నా, ఈ దిమ్మెలు ఎవరన్న ముట్టిండ్రా?"

"ముట్టుడేంది తమ్మీ, నేనే లేపిన. ఒంటెలు ఒరుసుకొని అన్ని పడగొట్టినయ్. పడ్డ హద్దురాయిని సూసుకుంట ఎట్ల పోతం? మనూర్ల పోతమా?"

"మరి ఇంత సీదా ఎట్లొచ్చినయ్?"

"తాడు పట్టిన గద!" అన్నాడు గర్వంగా. "మీరు వంకర పెట్టిండ్రు. గింత సదివి పొలం ఒడ్డు పెట్టుడు రాదాయె అనుకున్న."

సరిహద్దు గుర్తులు జరిపాడని తేలితే జైలు. ఆపైన వేలిముద్రలు తీసుకుని పంపేస్తే మళ్లీ ఈ దేశానికి రాలేడు.

"ఎవ్వలకు చెప్పకు," అన్నాను. అన్నందుకు వెంటనే సిగ్గేసింది. చెప్పకపోతే నా సంతకం అబద్ధం. చెబితే బాలన్న పోతాడు. ఏది చేయాలో తెలియక దిమ్మెల వెంట అటూ ఇటూ నడిచాను.

ఇంతలో బాలన్నకు వీసా పెట్టిన కఫీల్, ముసలి అబూ మిషాల్ బండి దిగాడు, ఆ వెనకే కెప్టెన్.

కెప్టెన్ తన నక్షా తెరిచి, దిమ్మెలను చూసి, నావైపు తిరిగాడు. "ఎవరు జరిపారు?"

ముసలాయనే అందుకున్నాడు. "రాళ్లు నిన్నమొన్నటివి. దేశం ఏర్పడిన కొత్తలో సర్కారు వాళ్లు మా నాన్నకు ఈ బావి చూపించి, ఇక్కడే ఉండు, నీ పొయ్యి పొగే మన హద్దు అన్నారు. అప్పుడు మేమే రాళ్లం. ఇప్పుడు నా బావి ఎవరిది?"

బాలన్నకు ఆ జోరు అరబ్బీలో సగం మాటలు అర్థం కాలేదు గానీ గొంతులు అర్థమయ్యాయి. ముందుకొచ్చి, దిమ్మెను చూపించి, తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నేనే లేపిన సారూ."

కెప్టెన్ ముఖం బిగుసుకుంది. ముసలాయన బాలన్న మీద విరుచుకుపడ్డాడు. "నువ్వా? అందుకేనా మూడు రోజుల నుంచి బావి వదిలి, రోడ్డు పక్క తొట్టి దాకా మందను తోలుతున్నావు?"

నేను తెలుగులో అడిగాను. "బావికాడ నీళ్లెందుకు తాపుతలేవే?"

బాలన్న నన్ను వింతగా చూశాడు. "బావి అవుతలికి పాయె గదా తమ్మీ. హద్దు దాటొద్దని నువ్వే జెప్తివి."

నేను కెప్టెన్‌కు నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను: "సార్, హద్దు జరిపేవాడు తనవైపు కలుపుకుంటాడు. ఈయన తన గొర్రెల బావినే అవతలికి పంపాడు. పైగా ఆ హద్దుకు కట్టుబడి ఆరు కిలోమీటర్లు నడుస్తున్నాడు."

కెప్టెన్ బావిని చూశాడు, దిమ్మెలను చూశాడు, ఎండలో నోళ్లు తెరిచిన గొర్రెలను చూశాడు. నవ్వాలో కోప్పడాలో ఆయనకూ తెలిసినట్టు లేదు.

"పశువులు పడగొట్టాయి, తెలియక తప్పుచోట నిలబెట్టారు అని రాయి," అన్నాడు చివరికి. "సాయంత్రానికి సిమెంటు పడాలి."

అది నిజమే కాబట్టి సంతకం చేశాను.

మధ్యాహ్నం దిమ్మెలను ఒక్కొక్కటే నక్షా చోటుకు మార్చాం. బాలన్న మోస్తూనే గొణిగాడు. "మల్ల వంకరే పెడ్తున్రు."

పని అయ్యాక మందను బావి వైపు తోలి, పాత తాడు గీత దగ్గర ఆగిపోయాడు. "తమ్మీ, ఇప్పుడు దాటొచ్చునా?"

అవునని చెప్పే ముందు నేను మరోసారి మిషన్ చూసుకున్నాను.