సింగడి ఎత్తు బంగారం

చిట్యాల పశువుల దవాఖానలో సహాయకురాలిగా చేరిన ఆరేళ్లలో నీలి ఎన్నో కొట్టాలు, పాకలు చూసింది కానీ, పక్కకు తిరిగి నడిస్తే తప్ప లోపలికి పోలేని ఇల్లు ఇదొక్కటే. కట్టమ్మ ఇంట్లో గుమ్మం నుంచి మంచం దాకా మనిషి పట్టేంత సందు మాత్రం మిగిలింది. అటూ ఇటూ ఖాళీ యూరియా సంచులు, అంచులూడిన బిందెలు, పగిలిన బకెట్లు, మొన్నటి సర్పంచ్ ఎన్నికల ఫ్లెక్సీలు ఛాతీ ఎత్తున పేరుకుపోయాయి. కిటికీ ఎక్కడుందో కూడా తెలియదు.

లోపల కుక్క చచ్చేలా ఉందనీ, దాని మూలుగు వినలేకపోతున్నామనీ వాడకట్టు వాళ్లు పంచాయతీలో కాగితం ఇచ్చారు. కార్యదర్శి దినేశ్ మధ్యాహ్నానికి ఆటో మాట్లాడి పెట్టాడు. నీలి చూసి ఒక్క మాట చెబితే చాలు, కుక్కను పట్నంలోని జంతువుల ఆశ్రమానికి పంపేస్తారు.

"ఎవలు రాసిచ్చిండ్రో నాకెర్కనే," అంది కట్టమ్మ మంచం మీద నుంచి లేవకుండానే. అరవై దాటిన ఒంటరి మనిషి, రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. "సింగనికేం రోగమొచ్చె? దినాం రెండు పూటల బువ్వ పెడ్తున్న. తెల్లారేసరికి గిన్నె కడిగినట్టు నాకి పెడ్తడు."

సింగడు మంచం కోడు పక్కన పడుకుని తోక మాత్రం ఆడించాడు. గోధుమరంగు ఊరకుక్క, ఒళ్లంతా ఒత్తుగా బొచ్చు. ఆ చీకట్లో చూస్తే బాగానే ఉన్నట్టుంటాడు. నీలి బొచ్చులోకి వేళ్లు పోనిచ్చింది. పక్కటెముకలు ఒక్కొక్కటిగా తగిలాయి.

ఫోను లైటు వేసి మెడకున్న తాడు వెంట చూసింది. పాత చీర పేలికలతో పేనిన తాడు. ఒకప్పుడు గుమ్మం దాకా వచ్చేంత పొడుగే. సంచుల దొంతర ఎప్పుడో కూలి దాని మీద పడింది. ఇప్పుడు సింగడికి మిగిలింది రెండు మూరలు. నీళ్ల గిన్నె మంచం కిందే ఉంది కానీ అన్నం గిన్నె గుమ్మం దగ్గరుంది. దాని చుట్టూ ఎలుకల పెంటికలు.

"నువ్వు పెడ్తున్నది నిజమే అవ్వా. తినేది వీడు కాదు, ఎలుకలు."

"నీ నోట్ల మన్నువడ! మరి వీడేం తిని బతికిండు?"

"చేత్తోని ఏమన్న పెడ్తవా?"

"పొద్దుగాల చాయ్‌ల ముంచి నాలుగు బిస్కెట్లు."

"గవే వాన్ని బతికిచ్చినయ్."

కట్టమ్మ నమ్మలేదు. తాడు లాగి చూపిద్దామని నీలి సంచి మీద చెయ్యి వేయగానే గయ్యిమంది. "ముట్టకు! అన్నీ పనికొస్తయ్. కుక్కను తీస్కపోను సాకు వెతుకుతున్నవు. వాడు పోతే ఈ ఇంట్ల నాతోని మాట్లాడేదెవరు?"

సంతకం పెట్టి పోవడం సులువే. కుక్క బతుకుతుంది. నీలి తన చేతిసంచిలోంచి కాగితం కూడా తీసింది. అప్పుడు గోడ గూటి మీద చూపు పడింది. ఇల్లు మొత్తంలో తుడిచి ఉన్న చోటు అదొక్కటే. అక్కడ పసుపు రాసిన కొత్త తువ్వాలలో ఏదో మూట.

"బంగారం," అంది కట్టమ్మ, గొంతు తగ్గించి.

మేడారం జాతరకు ఇంకా మూడు వారాలుంది. మొక్కిన వాళ్లు తమ ఎత్తు బెల్లం తూచి తల్లులకు ఇచ్చుకుంటారు, దాన్నే బంగారం అంటారు. కట్టమ్మ మొక్కు సింగడి పేరు మీద. వాడు పిల్లగా ఉన్నప్పుడు పాము కరిచి బతికాడట.

"పోయిన జాతరకు పందొమ్మిది కిలోలు తూగిండు. గిప్పుడు గూడ గన్నే తెప్పిచ్చిన."

"తూయకుంటనేనా?"

"ఏం, వాడేమన్న తగ్గిండా?"

"తూయని బంగారం తల్లులకెట్ల ఇస్తవు అవ్వా?"

 కట్టమ్మ మంచం దిగి, తడుముకుంటూ వెళ్లి మూట అందుకుంది. నీలి సింగడి మెడ తాడు విప్పి వాణ్ని ఎత్తుకుంది.

జాతర నెల కాబట్టి ఎల్లేశ్ తన కిరాణా కొట్టు ముందు పెద్ద కాంటా వేలాడదీశాడు. "ఏం కట్టవ్వా, మా కాకకు ఎన్నడన్న తూయిస్తివా?" అన్నాడు నవ్వుతూ, ఆమె మొగుణ్ని ఉద్దేశించి.

"ఆయన ఒక్కకాడ నిలవడితే గద, తూసేది!"

ఒక పళ్లెంలో బెల్లం పెట్టి, రెండో దాంట్లో సింగడిని కూర్చోబెట్టారు. బెల్లం పళ్లెం ధన్‌మని నేలకు తగిలింది. సింగడు పైకి లేచాడు. ఎల్లేశ్ నవ్వడం మానేశాడు. ఒక ముద్ద తీసి, కొట్టు మెట్టు మీద కూర్చున్న కట్టమ్మ ఒళ్లో పెట్టాడు. ఇంకొకటి. ఇంకొకటి. ముద్దలు పేరుకుంటుంటే ఆమె చీర కొంగు పరిచి పట్టుకుంది. ముల్లు నిలబడేసరికి పళ్లెంలో పదకొండు కిలోలే మిగిలాయి.

కట్టమ్మ కళ్లకు కాంటా సరిగా కనబడదు. కానీ ఒళ్లో ఉన్న బరువు తెలుస్తోంది. రెండు చేతులతో దాన్ని కొంచెం పైకెత్తి, మళ్లీ దించింది.

"గింతనా," అంది.

నీలి వైపు ముఖం తిప్పింది.

"గింత బరువు నా ఇంట్లనే పోయిందా, బిడ్డా?"

ఆటో వచ్చి ఆగింది. దినేశ్ దిగి, "ఎక్కియ్యాల్నా అక్కా?" అన్నాడు. నీలి కట్టమ్మ వైపు చూసింది.

"ఎక్కియ్యి," అంది కట్టమ్మ. "ముందుగాల గా తాడు మీద వడ్డ సంచులు ఎక్కియ్యి."

నీలి కాగితం మడిచి లోపల పెట్టుకుంది. "జాతర దాంక వారం వారం వస్త. గిదే కాంటా మీద తూస్త. తగ్గితే మాత్రం నేనే తీస్కపోత, అడ్డం రావద్దు. ఒక్కపారే ఎక్కువ పెట్టకు, జర జర పెట్టు. గిన్నె నీ చేతులనే ఉండాలె."

కట్టమ్మ తల ఊపి, ఒళ్లోని బెల్లం ఎల్లేశ్ ముందు పెట్టింది. "గిది నీ తాన్నే ఉంచు. మల్ల తూసేటప్పుడు అక్కరొస్తది."

ఇంటికొచ్చాక నీలి సింగడి మెడకు మళ్లీ తాడు కట్టింది. సంచులు, బిందెలు ఆటోలోకి చేరుతుంటే కట్టమ్మ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కదాన్నీ తడిమి చూసి పంపింది. చివర్లో ఒక బకెట్టును మళ్లీ దించుకుంది.

"దానికి అడుగే లేదవ్వా!" అన్నాడు దినేశ్.

"నీకెందుకురా?"

పోనిమ్మని నీలి చేత్తో సైగ చేసింది. ఈలోగా తాడు సందులో పొడుగ్గా పరుచుకుంది. సింగడు లేచి, ఆగి ఆగి గుమ్మం దాకా నడిచాడు. తాడు ఇంకా కొంచెం మిగిలే ఉంది.