ఇరవై ఏడు ముడుల దిండు

"అశ్విని" అని పెదవులు కదిపీ కదపనట్టు అనుకుని నాగమల్లేశ్వరి కుడికాలితో పెడల్ నొక్కింది. పైన కెమెరా టిక్కుమంది. బల్లమీది ఉత్తరాన్ని రెండు చేతులతో అప్పుడే పోసిన అట్టులా ఎత్తి పక్కన పెట్టి, రెండో కాగితం పరిచింది. కాగితానికి ఎడమ పక్కనున్న సన్నటి గుడ్డ దిండును ఒక్క ముడి మేర పైకి జరిపింది. "భరణి." మళ్ళీ టిక్కు.

షికాగో దగ్గర అరోరాలోని ఆ పత్రాల భాండాగారంలో పన్నెండేళ్ళుగా ఆవిడ పని ఇదే. ఐరోపాలో ఐదు దేశాల భాండాగారాలు, ఇక్కడిదీ కలిసి పాత కాగితాలను ఒకరికొకరు అందేలా కంప్యూటర్లలోకి ఎక్కిస్తున్నాయి. నూరేళ్ళ కిందట షికాగో చుట్టుపక్కలకు వలస వచ్చినవాళ్ళు ఊరికి రాసిన ఉత్తరాలు ప్రేగ్‌లో ఉంటే, ఆ ఊళ్ళ నుంచి వచ్చిన జవాబులు ఇక్కడి మనవల అటకల మీద ఉన్నాయి. అంటే ప్రశ్న ఒక ఖండంలో, జవాబు ఇంకో ఖండంలో. మిగతా ముగ్గురు ఉద్యోగులు పేజీల నంబర్లున్న చర్చి రిజిస్టర్లు తీశారు. విడి ఉత్తరాలు మాత్రం మల్లేశ్వరికి వచ్చాయి, ఎందుకంటే వాటితో వేగే ఓపిక ఇంకెవరికీ లేదు.

మనిషి పొట్టి. అరవై మూడేళ్ళు. జుట్టు ముడి, ముక్కుకి తెల్లరాయి, కాటన్ కుర్తా మీద ఆఫీసు వాళ్ళిచ్చిన బూడిదరంగు ఏప్రన్. చీరాల నుంచి భర్త భీమశంకరంతో వచ్చింది. వీసా ఒప్పుకోక చాలా ఏళ్ళు ఇంట్లోనే ఉంది. ఆ తర్వాత స్కూలు క్యాంటీన్‌లో ట్రేలు సర్దింది. ఆ తర్వాత ఇక్కడికి. మొదటి రోజు ఇచ్చిన బ్యాడ్జి మీద 'ఇమేజింగ్ అసిస్టెంట్ వన్' అని ఉంది. పన్నెండేళ్ళలో ఆ ఒకటి రెండు కాలేదు. ఆవిడా అడగలేదు.

దిండు కథ ఒకటుంది. కాగితాలు కదలకుండా ఆఫీసువాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ బరువులు జారిపోయేవి. ఆవిడ తన ఎర్ర నేత చీర అంచు చింపి, సన్నటి గొట్టంలా కుట్టి, లోపల శుభ్రంగా ఏరిన ఆవాలు పోసి తెచ్చింది. సూపర్‌వైజర్ రోజ్‌మేరీ నెమ్మదస్తురాలు, జీవితంలో ఎప్పుడూ అరిచి ఎరుగదు. ఆ రోజు అరిచింది. కాగితాల గదిలోకి తిండిగింజలా! పురుగులొస్తే నూరేళ్ళ ఉత్తరాల గతేమిటి! మల్లేశ్వరికి సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. ఆవాలు ఇంటికి తీసుకుపోయి పులిహోరలో వేసి, వాటి బదులు గాజు పూసలు నింపింది. గుడ్డ రంగు దిగదని పరీక్షించి రోజ్‌మేరీయే సరేనంది.

ముడుల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చేరిన కొత్తలో పరధ్యానంలో ఒక కాగితం దాటేసి మాటపడింది. ఉత్తరాల మీద నంబర్లు రాయకూడదు, అవి వేరేవాళ్ళ సొత్తు. అందుకని దిండు పొడుగునా పసుపు దారంతో ఇరవై ఏడు ముడులు వేసింది. కాగితానికో నక్షత్రం. ఫోల్డర్‌కి ఇరవై ఏడుకి మించి పెట్టేదే కాదు. రేవతి దాకా వచ్చిందంటే ఫోల్డర్ నిండినట్టు. చిన్నప్పుడు అమ్మమ్మ ఒళ్ళో నేర్చుకున్న లెక్క ఇలా అక్కరకొచ్చింది.

ఈ రోజు ఆఖరి ఫోల్డర్. ఆఖరి రోజు కూడా. ఎల్లుండి మొగుడూ పెళ్ళాలు కాలిఫోర్నియాలో డబ్లిన్‌కి, కూతురు అలేఖ్య ఉండే వీధికే మారిపోతున్నారు.

"కృత్తిక" అనబోతుండగా చంద్రిక వచ్చింది. ఫైళ్ళన్నీ చూసే సాఫ్ట్‌వేర్ అమ్మాయి, వరంగల్ పిల్ల. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఆంటీ, ప్రేగ్ వాళ్ళు పదకొండుకి కాల్ పెట్టిన్రు. మిమ్మల్ని గూడ రమ్మన్నరు."

"నన్నెందుకమ్మా?"

"మీ ఇమేజెస్ అన్నిట్ల ఏదో ఎర్రబట్ట కనిపిస్తున్నదంట." కుర్చీలో కూలబడింది. "అదొక్కటే గాదు ఆంటీ. తప్పు నాది. అప్‌లోడ్ చేసేటప్పుడు నా ప్రోగ్రామ్ ఫైల్ నేమ్స్ అన్నీ మార్చేసింది. మన కాపీలల్ల గూడ. ఫోల్డర్ కార్డు ఫొటోల కనిపిస్తది గాబట్టి ఏ ఫోల్డరో తెలుస్తది. అందుల ఏ కాగితం ముందో, ఏది ఎన్కనో మాత్రం తెలుస్తలేదు. నలభై వేల పైన ఉన్నయి."

"ఉత్తరాలు మళ్ళీ తీద్దాం."

"ఏడున్నయి ఆంటీ? ఎవరి ఉత్తరాలు వాళ్ళకు ఇచ్చేసినం గద."

మల్లేశ్వరి చెయ్యి దిండు మీదికి పోయింది. దిండు ఫొటోలో పడుతుందని ఆవిడకి తెలుసు. ఎలాగూ అంచులు కత్తిరిస్తారులే అనుకుంది. పన్నెండేళ్ళు కళ్ళు పొడుచుకుని తీసిన బొమ్మలు, ఒకపక్క వరస చెడిపోయి, ఇంకోపక్క తన చీర ముక్క మూలాన పాడయి, కుప్పగా మిగిలిపోతాయా? అదీ ఆఖరి రోజున తెలియాలా? అయినా పిల్ల ముఖం చూసి తన బెంగ లోపలే అణచుకుంది.

"టిఫిన్ తిన్నావా?"

"లేదు."

డబ్బాలోంచి ఒక పెసరట్టు ముక్క తీసి చేతిలో పెట్టింది. "ముందు తిను. తిట్లు పడ్డానికైనా ఒంట్లో ఓపికుండాలి. బయటే తిను, ఇక్కడ తింటే రోజ్‌మేరీ మళ్ళీ అరుస్తుంది."

పదకొండింటికి తెర మీద ఐదు ఊళ్ళ ముఖాలు వెలిగాయి. ప్రేగ్ నుంచి మాట్లాడే లుద్మిలా కళ్ళద్దాల పెద్దావిడ. నమస్కారాలయ్యాక ఒక ఫొటో తెర నిండా పెట్టింది. పాత ఉత్తరం, పక్కన ఎర్ర అంచు, పసుపు ముడులు.

"ఇది ఎవరిది?"

మల్లేశ్వరి చెయ్యెత్తింది. బడిలో దొరికిపోయిన పిల్లలా ఉంది. "నాదేనండీ. తప్పయింది. ఫ్రేములోంచి తీసెయ్యాల్సింది."

"ఆగండి. ఒక బొమ్మలో కాగితం మూలకి నాలుగో ముడి ఆనుకుని ఉంది. ఇంకోదానిలో పందొమ్మిదోది. వారం నుంచి చూస్తున్నాను. ఒకే ఫోల్డర్‌లో ఒకే ముడి రెండుసార్లు రాలేదు. ఇది యాదృచ్ఛికమా, లెక్కా?"

గదిలో అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడకి చెప్పక తప్పలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో ముడులు, నక్షత్రాలు, అమ్మమ్మ, అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఎవరూ నవ్వలేదు, దానికే ఆవిడకి ఇంకా భయమేసింది.

లుద్మిలా గబగబా ఎనభై మూడో ఫోల్డర్ తెరిచింది. ఊళ్ళో అక్క, షికాగోలో వంటపని చేసే చెల్లెలు బోజెనాకి రాసిన ఉత్తరాలవి. "ఆరో ముడి కాగితం ఇదిగో. చివరి వాక్యం సగంలో ఆగిపోయింది: 'ఈ ఏడు పుట్టిన మేకపిల్లకి...' దీని తర్వాత ఏముంటుంది?"

"ఆర్ద్ర తర్వాత పునర్వసు. ఏడో ముడి చూడండి" అంది మల్లేశ్వరి.

మౌస్ కదిలింది. చంద్రిక తెర వైపు వంగింది. ఏడో ముడి బొమ్మ తెర మీదికి వచ్చింది. లుద్మిలా చదువుతూ, నవ్వు ఆపుకోలేక పైకే నవ్వేసింది. "'నీ పేరే పెట్టాం బోజెనా, అదీ ఎవరి మాటా వినదు.'"

ఐదు దేశాలూ ఒక్కసారి నవ్వాయి. రోజ్‌మేరీ బల్ల చరిచింది. చంద్రిక నవ్వుతూనే భోరుమని ఏడ్చి, మల్లేశ్వరిని వాటేసుకుంది. "ఆంటీ, మీ కాళ్ళు మొక్కుత!"

"చాల్లే, ఆ కాళ్ళు ఇంకా పెడల్ తొక్కాలి" అంది ఆవిడ. కానీ కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ళూ తను లెక్కపెట్టింది తన కోసమే అనుకుంది. అది ఇంకెవరికో దారి చూపిందంటే ఆవిడకి ఎక్కడలేని సంతోషం కలిగింది.

ఇంకో మూడు ఫోల్డర్లు తెరిచి చూశారు. వరస ఎక్కడా తప్పలేదు. తర్వాత నక్షత్రాల పేర్లు నెమ్మదిగా చెప్పమన్నారు. ఆవిడ చెబుతుంటే ఐదు ఊళ్ళవాళ్ళు రాసుకున్నారు. ఆశ్లేష దగ్గర ప్రేగ్ నాలుక మడతపడింది. మల్లేశ్వరి పట్టువదలక మూడుసార్లు పలికించి, సరిగ్గా వచ్చాకే మఖకి వెళ్ళింది. ఆ ఎర్ర అంచును ఏ బొమ్మలోనూ కత్తిరించకూడదని చివర్లో తీర్మానించారు.

మధ్యాహ్నం కేక్ కోశారు, కాగితాల గదికి దూరంగా. ఆవిడ ఒక ముక్క తిని, అందరూ ఇంకా మాట్లాడుకుంటుండగానే చేతులు కడుక్కుని తన బల్ల దగ్గరికి వచ్చేసింది. కృత్తిక దగ్గర ఆగిన ఫోల్డర్ ఉంది కదా. ఒక్కొక్కటే తీసింది. జ్యేష్ఠ. మూల. ఆఖరి కాగితం మీద ఎవరో పసిపిల్ల అరచేతిని ఆనించి పెన్సిల్‌తో గీసిన గీత ఉంది. ఆవిడ తన అరచెయ్యి దాని మీద తగలకుండా పెట్టి కొలిచి చూసుకుని, పెడల్ నొక్కింది.

ఏప్రన్ మడతపెట్టింది. దిండు సంచిలో పెట్టుకోబోయింది, ఎంతైనా తన చీర అంచు. అప్పుడే చంద్రిక చెప్పింది, సోమవారం నుంచి లిథువేనియా వాళ్ళ విడి ఉత్తరాలు వస్తున్నాయని, వాటిని తీయడానికి ఎవరో కొత్త మనిషి చేరుతోందని.

"పేర్లు చెప్పాగా, నేర్పించు" అంది మల్లేశ్వరి, దిండు మీదికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

బయట కారులో భీమశంకరం హారన్ కొట్టాడు. ఆయన ఏనాడూ రెండు నిమిషాలకి మించి ఆగింది లేదు. ఆవిడ "వస్తున్నా, వస్తున్నా" అనుకుంటూ, పిల్లలు గీసే గీతల గురించి ఆయనకి చెప్పాలని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

బల్ల మీద ఎర్ర దిండు అలాగే ఉంది, పందొమ్మిదో ముడి దగ్గర ఆగి, ఇంకా ఎనిమిది మిగిలి.