మాటలు లేని పేజీలు

ఏ పుస్తకమైనా పిల్లల చేతికిచ్చే ముందు బామ్మ చివరి పేజీ చదివేది. మొదట్లో ఉన్నవాళ్ళంతా చివర్లో కూడా ఉన్నారో లేదో చూసుకునేది. ఉంటే మళ్ళీ మొదటికొచ్చి, అక్షరం వదలకుండా చదివి, పిల్లల అరలో పెట్టేది. ఒక్కరు తగ్గినా, మనిషైనా సరే కుక్కపిల్లైనా సరే, ఎక్కడ పోయారో వెతికి చూసుకుని, ఆ పుస్తకాన్ని పెద్దవాళ్ళ గదిలోకి పంపేసేది. అందుకే లైబ్రరీకి వచ్చే పిల్లలు ఆమెకు చివరిపేజీ బామ్మ అని పేరు పెట్టారు. ఎదురుగా ఉన్నప్పుడు ఉత్త బామ్మే, ఇవతలికి వచ్చాక పూర్తి పేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పేరు పెట్టారంటే మనల్ని మనుషుల్లో లెక్కేసినట్టేగా అనుకుని ఊరుకునేది.

ఆమె అక్కడ జీతానికి పనిచేసే మనిషి కాదు. బడి మొహం కూడా చూడలేదు. పక్కింటి పిల్లలు పాఠాలు పైకి వల్లె వేస్తుంటే గోడ ఇవతల కూర్చుని వింటూ, పొట్లాం కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకుంది. ఒక్కో అక్షరాన్నీ అంత కష్టపడి సంపాదించుకుంది కాబట్టి ఆమె లెక్కలో చదవడమంటే అక్షరమే. భర్త పోయాక, ఇంట్లో గోడలతో మాట్లాడేకంటే నయమని లైబ్రరీకి రావడం మొదలుపెట్టింది. వచ్చిన పిల్లలకు ఇది చదువు, అది చదువు అని చెబుతూ చెబుతూ ఉండగానే కిటికీ పక్క బల్ల ఆమెదైపోయింది.

కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ అమ్మాయికి ఈ చివరిపేజీ పద్ధతి నచ్చేది కాదు. పిల్లలకు దుఃఖం ఉన్న కథలు కూడా కావాలని మెల్లిగా ఒకటి రెండుసార్లు చెప్పి చూసింది. ఏడవడం నేర్పడానికి పుస్తకం దేనికమ్మాయ్, అది పుట్టగానే వచ్చేదేగా అని బామ్మ ఆ మాటను అక్కడికక్కడే తుంచేసింది.

ఆ మాట వెనకున్న భయం ఆ అమ్మాయికి తెలియదు. బామ్మ చిన్నప్పుడు, వాళ్ళ అక్క కాపురానికి వెళ్ళే రోజు, ఏడ్చి గోల చేస్తుందని ఆమెను ఎవరూ నిద్ర లేపలేదు. తెల్లారి లేచి చూస్తే అక్క పడుకునే చోట పక్క చుట్టేసి గోడకు ఆనించి ఉంది. అక్క మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. తొలి కానుపులోనే పోయింది. ఆ తర్వాత ఎంతమంది వెళ్ళిపోయినా, తల్లీ, తండ్రీ, భర్తా, ప్రతిసారీ బామ్మ కళ్ళముందు ఆ చుట్టేసిన పక్కే నిలబడేది.

పిచ్చుక అని పిలిచే పిల్లను లైబ్రరీకి తీసుకొచ్చింది వాళ్ళ పిన్ని. వీధి మలుపులో బట్టలు కుట్టే కొట్టు ఆవిడది. ఒకప్పుడు ఆ పిల్ల లేచింది మొదలు కిచకిచలాడుతూనే ఉండేదట, అందుకే ఆ పేరు. పదేళ్ళుంటాయి. ఆ ఏడాదే తల్లి పోయింది. జబ్బు ముదిరినప్పుడు పిల్లను తెలిసినవాళ్ళింటికి పంపించారు, తిరిగి తీసుకొచ్చేసరికి అంతా అయిపోయింది. తండ్రి సరుకుల లారీ నడుపుతాడు, ఎప్పుడో ఒకసారి ఇంటికొస్తాడు. పిల్ల భారమంతా పిన్నిమీదే పడింది.

పిల్లను అరల దగ్గరికి పంపి పిన్ని గొంతు తగ్గించి చెప్పింది. పెట్టింది తింటుంది, బడికి వెళ్తుంది, చెప్పిన పని చేస్తుంది. ఇప్పటిదాకా ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. అలాగే మర్చిపోతే అంతకంటే కావలసిందేముంది. నవ్వించే పుస్తకాలు ఇవ్వండి, చావులూ అవీ లేనివి.

"ఆ పని నాకొదిలెయ్యమ్మా" అంది బామ్మ. "నా చేతిమీదుగా వెళ్ళిన పుస్తకంలో ఈగ కూడా చావదు."

అప్పటినుంచి బామ్మకు పిచ్చుక ధ్యాసే. సైకిల్ దొంగను పట్టుకున్న పిల్లల నవల ఇచ్చింది. ఒకరి బడికి ఒకరు వెళ్ళి మాస్టర్లను తికమక పెట్టిన కవలల నవల ఇచ్చింది. పిచ్చుక అన్నీ చదివేది. పక్కింట్లో అరువు తెచ్చుకున్న గిన్నె తిరిగిచ్చినట్టు తెచ్చి బల్లమీద పెట్టేది. ఎలా ఉందమ్మా అంటే, బాగుంది అనేది. ఆ ఒక్క మాటా విన్నప్పుడల్లా బామ్మకు, పిల్ల ఎదురుగా నిలబడే ఉన్నా ఎక్కడికో వెళ్ళిపోతున్నట్టుండేది. ఇంకొంచెం నవ్వించేది ఇవ్వాలేమో అనుకుని మళ్ళీ అరలన్నీ వెతికేది.

ఇంతలో బొమ్మల నవలలు కొన్ని వచ్చాయి. బామ్మకు వాటితో పడేది కాదు. చీమ తలకాయంత అక్షరాలు, అవీ బుడగల్లో. ఎప్పుడు పేలిపోతాయో తెలియని చోట మాటలు పెట్టడమేమిటని సణిగేది. కానీ పిచ్చుక ఆ కట్ట దగ్గర ఆగింది. అట్టమీద పడవ ఉన్న పుస్తకాన్ని బయటికి తీసింది. పడవలో పెద్ద టోపీ పెట్టుకున్న తాత, పక్కన మనవరాలు. ఇది తీసుకోనా అని అడిగింది. తనంతట తాను ఒక పుస్తకం అడగడం అదే మొదలు. బామ్మకు అక్కడికక్కడే ఇచ్చెయ్యాలనిపించింది గానీ పద్ధతి పద్ధతే. రేపు రా తల్లీ అని చెప్పి ఇంటికి పట్టుకెళ్ళింది.

ముందు చివరి పేజీ తీసింది. అక్కడ ఒకటే బుడగ. "తాతా, గట్టిగా పట్టుకో. గాలి ఎక్కువగా ఉంది." తాత ఉన్నాడన్నమాట. మనసు కుదుటపడి మొదటినుంచి చదివింది. తాతా మనవరాలూ కలిసి పాత పడవ ఒకటి బాగుచేస్తుంటారు. తాత చెప్పే చేపల కోతలకు అంతు ఉండదు. ఒకసారి ఆయన తుమ్మితే చేపలు అవతలి గట్టుకు ఎగిరి పడ్డాయట. బామ్మ ఒక్కతే కూర్చుని పైకి నవ్వింది. నడిమధ్యలో చాలా పేజీలకు అక్షరం అన్నదే లేదు. కాగితం ఇంత దండగ చేశారేమిటనుకుంటూ వేలు తడి చేసుకుని రెండేసి పేజీలు తిప్పేసింది. మర్నాడు పిచ్చుక చేతిలో పెట్టి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతావు చూడు అంది.

పుస్తకం తీసుకెళ్ళిన పిచ్చుక మళ్ళీ రాలేదు. బామ్మ కళ్ళు వాకిలికి అంటుకుపోయాయి. జ్వరమేమో అనుకుంది, పరీక్షలేమో అనుకుంది, పిన్ని వేరే ఊరు మారిపోయిందేమో అని కూడా అనుకుంది. ఆ చివరి ఆలోచన వచ్చాక ఇక ఏ పుస్తకంలోనూ మనసు నిలవలేదు.

ఒక ఉదయం పిన్నే వచ్చింది. కొలతల టేపు మెడలోనే ఉంది, చేతిలో పడవ పుస్తకం ఉంది. దాన్ని బల్లమీద పెట్టి నిలబడింది.

"ఈగ కూడా చావదన్నారు."

"ఎవరూ చావరమ్మా ఇందులో" అంది బామ్మ. "అక్షరం అక్షరం చదివాకే ఇచ్చాను."

పిన్ని పుస్తకం నడిమధ్యకు తెరిచి అటు తిప్పింది. బామ్మ కళ్ళజోడు సరిచేసుకుని వంగింది.

తాత టోపీ తీసి మేకుకు తగిలిస్తున్నాడు. తర్వాతి బొమ్మలో మంచంమీద ఉన్నాడు. మనవరాలు పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుని ఉంది. పేజీ తిప్పితే అదే మంచం, అదే చెయ్యి, కిటికీలో వెలుతురు మాత్రం తగ్గింది. ఇంకో పేజీలో రెండు చేతులే, పేజీ నిండా. ఆ తర్వాత మంచం ఖాళీ. దానిమీద పక్క చుట్టేసి ఉంది.

బామ్మ చెయ్యి బల్ల అంచును గట్టిగా పట్టుకుంది. పిన్ని చివరి పేజీ కూడా తెరిచింది. పడవలో మనవరాలు ఒక్కతే ఉంది. తాతా గట్టిగా పట్టుకో అంటున్నది పక్క పీటమీద పెట్టిన టోపీతో.

పిన్ని గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదనిపించింది బామ్మకు. ఇన్నాళ్ళూ ఆ పుస్తకాన్నే మళ్ళీ మళ్ళీ తిరగేసిన పిల్ల, నిన్న మధ్యాహ్నం నుంచి ఏడుస్తూనే ఉందట. బట్ట కత్తిరించే బల్లకింద దూరి బయటికి రానంటోందట. మానుతున్న పుండును మీరే గిల్లారు, ఇక దీన్ని ఇటు పంపను అని చెప్పి, పుస్తకం అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

లైబ్రేరియన్ అమ్మాయి దగ్గరికొచ్చి, ఈ పేజీలు మీరు చూడలేదా బామ్మగారూ అని నెమ్మదిగా అడిగింది. చదివేదేమీ లేదు కదా అనుకున్నాను అంది బామ్మ. ఆ తర్వాత కిటికీ పక్క కూర్చుని, మాటలు లేని ఆ పేజీలను ఒక్కొక్కటిగా, కొత్తగా అక్షరాలు దిద్దుకున్నట్టు, వేలు పెట్టి చూసింది. రెండు చేతులున్న బొమ్మ దగ్గర చాలాసేపు ఆగిపోయింది. సాయంత్రం కాకముందే పుస్తకం సంచిలో వేసుకుని లేచింది. తిడితే పడదాం, గెంటితే వచ్చేద్దాం, ఆ పిల్లను ఒక్కసారి కళ్ళతో చూస్తే చాలనుకుంది.

కొట్టు ఇరుగ్గా ఉంది. బడి యూనిఫాం చొక్కాలు చేతుల్లేకుండా ఒక పక్క, చేతులన్నీ కలిపి మరో పక్క, కుప్పలుగా పడి ఉన్నాయి. పిన్ని మిషన్ తొక్కుతూ తలెత్తి చూసింది. కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. కత్తిరించే బల్లకింద, గుడ్డపీలికల మధ్య, పిచ్చుక మోకాళ్ళు కావలించుకుని కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బిపోయాయి.

బామ్మ బల్ల పక్కన నేలమీద చతికిలబడింది. మోకాళ్ళు రెండూ టపటపమన్నాయి. ఏ మాట ముందు చెప్పాలో తెలియక ఉన్నమాటే చెప్పింది. తనకు అక్షరాలే చదవడం వచ్చుననీ, బొమ్మలు చూడలేదనీ, చూసి ఉంటే ఆ పుస్తకం ఇచ్చేదే కాదనీ.

పిచ్చుక ఆలోచించింది.

"అయితే చూడకపోవడమే మంచిదయింది" అంది.

మిషన్ చప్పుడు ఆగింది.

"తెచ్చారా?" అని అడిగింది పిచ్చుక. బామ్మ పిన్ని వంక చూసింది. పిన్ని సూది కింద ఉన్న గుడ్డనే చూస్తూ ఉండిపోయింది. కాదనలేదు కాబట్టి బామ్మ సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చింది. పిల్ల మొదటినుంచి చదవలేదు. నేరుగా ఆ రెండు చేతుల పేజీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పిన్నీ."

"ఊఁ."

"అమ్మ చెయ్యి ఎవరు పట్టుకున్నారు?"

పిన్ని అరచెయ్యి మిషన్ చక్రం మీదే ఉంది. తిరగని చక్రాన్ని ఆపుతున్నట్టు దాన్ని అదిమి పట్టుకుంది. బయట ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ వెళ్ళారు.

"నేనే" అంది చివరికి.

"వదిలేశావా మధ్యలో?"

"లేదు. చెయ్యి తిమ్మిరెక్కినా వదల్లేదు."

"చల్లగా ఉందా?"

"వెచ్చగానే ఉంది. చివరిదాకా వెచ్చగానే ఉంది."

"ఏమైనా అందా?"

"నీ జడ గురించి అంది. నేనేస్తే వదులుగా ఉంటుందట. బడికి వెళ్ళేలోపే ఊడిపోతుందట. అంత జబ్బులోనూ నాకు వంక పెట్టందే ఉండలేకపోయింది మా అక్క."

పిచ్చుక పెదవులు నవ్వుకీ ఏడుపుకీ మధ్య వణికాయి. పిన్ని లేచింది. రెండడుగులు వేసి, బల్లకిందికి వంగి, పీలికల మీదే కూలబడింది. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఏడవనిది పిల్ల ఒక్కతే కాదని బామ్మకు అప్పుడు అర్థమైంది. ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడ్చారు. లేచి వెళ్ళిపోదామా అనుకుంది బామ్మ. ఇంకొకరి దుఃఖం చూడలేక అలా లేచి వచ్చేసిన వాకిళ్ళు ఆమె జీవితంలో చాలా ఉన్నాయి. కానీ లేవలేదు. దగ్గర్లో ఉన్న చొక్కా చేతులు తీసుకుని, ఎవరూ అడగకపోయినా, ఒక్కొక్కటే మడత పెడుతూ కూర్చుంది. ఎవరో గుమ్మంలోకొచ్చి చొక్కా అయిందా అని అడిగితే, రేపు రండి నాయనా అని పిన్ని తరఫున తనే చెప్పి పంపేసింది.

చాలాసేపటికి పిచ్చుక ముక్కు తుడుచుకుని పుస్తకం మూసింది.

"ఇలాంటిది ఇంకోటి ఉందా బామ్మా?"

బామ్మ చేతిలో ఉన్న చొక్కా చెయ్యి పక్కన పెట్టింది. ఉన్నాయి, ఒకటి కాదు. పెద్దవాళ్ళ గదిలోకి తన చేత్తో పంపినవన్నీ అలాంటివే. ఇస్తే ఈ పిల్ల మళ్ళీ ఏడుస్తుంది, ఆ ఏడుపుకు తనే పూచీ. ఇవ్వకపోతే మళ్ళీ బాగుంది అంటూ గిన్నెలు తిరిగిచ్చే పిల్ల అయిపోతుంది. పిన్ని వంక చూసింది. పిన్ని గుడ్డపీలికతో మొహం తుడుచుకుంటూ, ఏం పుస్తకం అని అడిగింది.

"నవల. బొమ్మలుండవు" అంది బామ్మ. "ఒక అన్నా, చెల్లెలూ, వాళ్ళ బండిగుర్రం."

"ఎవరు పోతారు?" పిచ్చుక అడిగింది.

ఎన్నేళ్ళనుంచో పుస్తకాలు ఇస్తున్నా, ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన అవసరం బామ్మకు ఎప్పుడూ రాలేదు.

"గుర్రం."

"చివర్లోనా?"

"కాదమ్మా, మధ్యలోనే. ఆ తర్వాత ఇంకా చాలా కథ ఉంది."

పిచ్చుక పిన్ని మొహంలోకి చూసింది. పిన్ని పిల్లను దగ్గరికి లాక్కుని, ఊడిపోయిన జడ విప్పి, మళ్ళీ మొదటినుంచి అల్లడం మొదలుపెట్టింది. ఈసారి పాయ పాయనూ గట్టిగా లాగి అల్లింది. పిల్ల అబ్బా అంది.

"రేపు కొట్టు తెరిచే ముందు నేనే తీసుకొస్తాను దీన్ని" అంది పిన్ని, జడ మీంచి కళ్ళు ఎత్తకుండా. "వినడానికి నేనూ కూర్చుంటాను. కాస్త పైకి చదవండి బామ్మగారూ."