నా నొప్పి నేనే చెప్పుకుంటాను

ఆసుపత్రి వరండాలో కుర్చీలన్నీ నిండిపోయాయి. తన నంబరు పిలవగానే ఆమె లేవబోయింది. పక్కనే ఉన్న బావగారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వెందుకమ్మా లేవడం? అసలే నీరసంగా ఉన్నావు. నేను మాట్లాడొస్తాను, కూర్చో" అని డాక్టరు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. జబ్బున్న మనిషి బయట కూర్చుంది. లేని మనిషి లోపలికి వెళ్ళాడు.

ఇందులో తప్పేముందని మీకు అనిపించవచ్చు. తమ్ముడి భార్య కోసం పని మానుకుని వచ్చిన మనిషాయన. మందుల కంపెనీ గోదాములో గుమాస్తా కాబట్టి బిళ్ళల పేర్లు నోటికి వచ్చు. ఇంట్లో ఎవరికి తుమ్ము వచ్చినా డాక్టరు దగ్గర మాట్లాడే బాధ్యత ఆయనదే. "ఇంటి డాక్టరు" అని అందరూ ఆటపట్టిస్తే లోలోపల మురిసిపోతాడు. ఇలాంటి బావగారు దొరకడం నీ అదృష్టమని పక్క కుర్చీలో ఆవిడ కూడా అంది. నిజమే, ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ రాయవలసిన పనే లేదు, ఎవరో ఒకరు ఏనాడో ఎదురు తిరిగేవారు. ప్రేమగా నోరు నొక్కేస్తే ఎదురు తిరగడం కష్టం.

బావగారు బయటికి వచ్చి, అంతా అయిపోయిందన్నట్టు చేతులు దులుపుకున్నాడు.

"గురువారం ఆపరేషన్. నేను సరేనన్నాను. పొద్దున్నే వచ్చి నువ్వు సంతకం పెడితే చాలు."

"ఏం ఆపరేషన్ బావగారూ? ఏం తీస్తారు?"

"లోపల గడ్డ ఉందట. ఆ వివరాలన్నీ నీకెందుకమ్మా, భయపడతావు. ఆయన చాలా పెద్ద డాక్టరు."

ఆమె తల ఊపింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆమెకు అలవాటైన పని అదే. నెలల తరబడి ఆమె ఒంట్లో సత్తువ లేదు. ఇంటి దగ్గరి డాక్టరుకి బావగారు "నీరసం, నడుంనొప్పి" అని చెప్పాడు, ఆయన టానిక్కు రాశాడు. అది తాగుతూ ఉండగానే, తను పనిచేసే దుకాణంలో కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు ఈ ఆసుపత్రికి తెచ్చారు. పరీక్ష చేసేటప్పుడు ఆమె తెర అవతల బల్ల మీద పడుకుని ఉంటే, డాక్టరు అడిగిన ప్రతి ప్రశ్నకీ తెర ఇవతల నుంచి బావగారే జవాబు చెప్పాడు.

ఆమె పనిచేసేది కళ్ళద్దాల దుకాణంలో. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఇనప చట్రం పెట్టి, అందులో ఒక్కొక్క అద్దమే మారుస్తూ, ఎదురుగోడ మీది అక్షరాలు చదివిస్తుంది. "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడుగుతూనే ఉండాలి. యంత్రం ఒక లెక్క చూపిస్తుంది గానీ, చివరి మాట కుర్చీలో ఉన్న మనిషిదే. ఆ మనిషి మొహమాటానికి బాగుందంటే తప్పు అద్దాలు ముక్కు మీదికి వస్తాయి.

మర్నాడు ఒక పెద్దాయన భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ కళ్ళకి అద్దం మార్చి "ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగితే, వెనక నుంచి ఆయనే "బాగా కనిపిస్తోంది, అదే ఖాయం చేసెయ్యండి" అన్నాడు.

"మీరుండండి. చూసేది ఆవిడ. ఆవిడనే చెప్పనివ్వండి."

ఆవిడ నెమ్మదిగా, "ఇది మసగ్గా ఉందమ్మా. ఇందాకటిదే నయం. ఆయన బాగుందన్నారు కదాని ఊరుకున్నాను" అంది.

ఆమె చెయ్యి చట్రం మీదే ఆగిపోయింది. ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. ఒక జత కళ్ళద్దాల కోసం పరాయి మగవాణ్ణి నోరు మూసుకోమనగలిగింది. గురువారం తన పొట్ట కోస్తారంటే, ఏం తీస్తారో కూడా తెలుసుకోకుండా తల ఊపి వచ్చింది. ముందు తనమీద కోపం వచ్చింది. ఆ తర్వాత అందరిమీదా వచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పేసింది. "నేను డాక్టరుతో మాట్లాడాలి. మాట్లాడేదాకా సంతకం పెట్టను."

భర్త కంగారుపడ్డాడు. అన్నగారి ఎదుట నోరెత్తే అలవాటు లేని మనిషి. "అన్నయ్య మాట్లాడాడుగా?"

"మీ అన్నయ్యకి నొప్పి లేదు."

బావగారు ఒంటికాలి మీద లేచాడు. "పెద్ద డాక్టర్లని అలా ప్రశ్నలు అడిగితే కోపం వస్తుందమ్మా. గురువారం నీ మీద కత్తి పట్టుకునేది ఆయనే, మర్చిపోకు."

"మర్చిపోలేదు బావగారూ. అందుకే ముందే అడుగుతానంటున్నాను."

పాఠకులారా, ఈ భయం బావగారొక్కడిదే కాదు. కూరగాయలు కొనేటప్పుడు పుచ్చు ఉందేమోనని తిప్పి తిప్పి చూస్తాం. కొన్న చెప్పులు కరిస్తే వెనక్కి పట్టుకెళ్ళి పోట్లాడతాం. డాక్టరు గదిలోకి వెళ్ళేసరికి మాత్రం మన నాలుక పడిపోతుంది. అడగడం అంటే అవమానించడం అని మనకి ఎవరు నేర్పారో తెలియదు.

మర్నాడు ఆమె భర్తని తీసుకుని ఆ పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరు తల ఎత్తకుండానే, "మీ వాళ్ళకి అన్నీ చెప్పానే" అన్నాడు.

"నాకు చెప్పలేదండీ. ఏం తీస్తారు?"

"గర్భసంచి, రెండు అండాశయాలు."

ఆమె చప్పున భర్త వైపు చూసింది. ఆయనకీ ఇప్పుడే తెలిసినట్టుంది, మొహం పాలిపోయింది.

"గడ్డ అంత పెద్దదా?"

"చిన్నదే. పిల్లలు పుట్టేశారుగా, ఇంక ఆ సంచితో పనేముంది?"

"పనుందో లేదో నేను చెప్పాలి కదండీ. అండాశయాల్లో కూడా గడ్డలున్నాయా?"

"లేవు. ముందుజాగ్రత్త."

"బాగున్నవాటిని తీస్తే ఈ వయసులో నాకేమవుతుంది? మందులతో తగ్గే దారి లేదా?"

డాక్టరు కలం పక్కన పడేశాడు. "ఫోనులో ఏవో చదివొచ్చి మాకు పాఠం చెప్తున్నారా?"

"పాఠం కాదండీ. తెలియకే అడుగుతున్నాను. ఒళ్ళు నాది."

"నమ్మకం లేకపోతే వేరేచోట చూపించుకోండి."

"అలాగేనండీ. నా స్కానింగు, రక్తపరీక్షలు, మీరు రాసుకున్న వివరాలు, ఆ కాగితాలన్నీ ఇప్పించండి."

కౌంటరులో అమ్మాయి, ఆపరేషన్ అయ్యాకే కాగితాలు ఇస్తామంది. ఆమె కదల్లేదు. "నా కడుపుకి తీసిన ఫొటో, నా ఒంట్లోంచి తీసిన రక్తం. నావి కాకపోతే ఎవరివమ్మా?" అని అక్కడే నిలబడింది. వెనక వరస పెరిగింది. పక్కకి జరగమన్నారు, జరగలేదు. పై అధికారి వచ్చి రేపు రమ్మన్నాడు. రేపటిదాకా ఇక్కడే ఉంటానంది. అంతసేపూ చెమటలు తుడుచుకుంటున్న భర్త చివరికి గొంతు సవరించుకుని, "ఆవిడవే కదండీ, ఇచ్చెయ్యండి" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన ఆమె పక్షాన పైకి అన్న మొదటి మాట అది. కాగితాలు బయటికి వచ్చాయి. వాళ్ళు వెళ్తుంటే వరసలో తర్వాత నిలబడ్డావిడ, "నావి కూడా ఇవ్వండి మరి" అంటోంది.

అక్కడి నుంచి గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్ళారు. రద్దీలో చాలాసేపు నిలబడ్డాక ఒక పెద్దావిడ, డాక్టరమ్మ, ఎదురుగా స్టూలు చూపించి ఆమె కళ్ళలోకి చూసి, "చెప్పమ్మా" అంది.

ఆ ఒక్క మాటకి ఆమెకి ఏడుపొచ్చింది. ఇన్ని నెలల్లో ఆ మాట ఎవరూ ఆమెతో అనలేదు. తుడుచుకుని మొదలుపెట్టింది. నెలలో సగం రోజులు రక్తం పోతోందని, గడ్డలు గడ్డలుగా పోతోందని, దుకాణంలో కుర్చీ మీద మరక పడుతుందని నిలబడే పనిచేస్తోందని, అన్నీ చెప్పింది.

డాక్టరమ్మ కాగితాలు తిరగేసింది. "ఇంత పోతోందని వీటిలో ఎక్కడా లేదే?"

భర్త నేల చూపులు చూశాడు. ఆమె తోడికోడలితో చెప్పుకుంటే, తోడికోడలు ఆ సంగతి బావగారికి చెప్పనే చెప్పింది. మరదలి నెలసరి గురించి ఇంకో మగవాడి ముందు మాట్లాడ్డానికి ఆయనకి నోరు రాలేదు. అందుకని నీరసం అని సరిపెట్టాడు. ఆ సిగ్గుకి మూల్యంగా ఆమె ఒంట్లో రక్తం నెలనెలా పోయింది.

డాక్టరమ్మ తానే మళ్ళీ పరీక్ష చేసి విడమరచి చెప్పింది. రక్తం బాగా తగ్గిపోయింది, కళ్ళు తిరిగింది అందుకే. గడ్డ చిన్నది. ముందు రక్తస్రావం ఆగడానికి, రక్తం పట్టడానికి మందులు వాడాలి. కొన్ని నెలలు చూడాలి. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్ మాట ఆలోచించాలి. అండాశయాలు శుభ్రంగా ఉన్నాయి, నెలసరి ఇంకా ఆగని ఈ వయసులో ఊరికే తీసేస్తే ఎముకలకీ గుండెకీ చేటు.

"ఆపరేషన్ చెడ్డది కాదమ్మా. అవసరమైతే నేనే చేయించుకోమంటాను. అప్పుడు కూడా నీకు అర్థమయ్యాకే సంతకం పెట్టు. చదువు నా దగ్గరుంది, బాధ నీ దగ్గరుంది. రెండూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటేనే వైద్యం. అడిగితే కోపం వచ్చే డాక్టరు ఉంటే ఆ కోపం ఆయన జబ్బు, నీది కాదు."

గురువారం వచ్చింది. ఆమె ఆపరేషనుకి వెళ్ళలేదు. బావగారు మొహం మాడ్చుకుని హాల్లో కూర్చున్నాడు. "ఇంతకాలం ఈ ఇంటికి చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరయింది" అన్నాడు.

ఆమె ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. "బావగారూ, నాకు రక్తం పోతోందని డాక్టర్లకి ఎందుకు చెప్పలేదు?"

ఆ హాల్లో ఆ మాట పైకి వినపడడం అదే మొదలు. ఆయన నీళ్ళు నమిలాడు. "అవి... ఆడవాళ్ళ సంగతులు. నేనెలా చెప్తానమ్మా?"

"చెప్పలేరు. అది మీ తప్పు కాదు. చెప్పలేనప్పుడు నన్ను లోపలికి పంపకపోవడం మీ తప్పు, వెళ్తానని అడగకపోవడం నా తప్పు. ఇకమీదట నాతో రండి, పక్కన కూర్చోండి, నేనేదైనా మర్చిపోతే గుర్తు చెయ్యండి. నా బదులు మాత్రం మాట్లాడకండి. నా నొప్పి నేనే చెప్పుకుంటాను."

అంతవరకూ మూల కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్న అత్తగారు తల ఎత్తింది.

"కోడలా, రేపు నన్ను కూడా ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళు."

బావగారు ఉలిక్కిపడ్డాడు. "నీకేమైందమ్మా? నాకు చెప్పు, నేను వెళ్ళి..."

"ఏడాదిగా బాధపడుతున్నాను. బయటపెడితే నువ్వే వెళ్ళి మాట్లాడతావని పళ్ళబిగువున ఊరుకున్నాను." ఆవిడ చేతిలోని బట్ట పక్కన పెట్టి పెద్దకొడుకు వైపు సూటిగా చూసింది. "కొడుకుతో చెప్పుకోగలిగే జబ్బులే వస్తాయనుకున్నావురా తల్లికి?"