సగం విన్న ముచ్చట

మొగుడు చాయ్ చేసి గ్లాసు చేతికిచ్చినంత మాత్రాన అంత పొంగిపోవాలా అని మంగళను అడగడం తేలికే. అడిగేవాళ్లు ఒక్కరోజు ఆమె ఇంట్లో ఉండి చూడాలి. పొద్దున నీళ్లు పట్టి, వంట చేసి, పిల్లలను బడికి, మొగుణ్ణి టవల్ కార్ఖానాకు పంపి, అత్త మోకాళ్లకు నూనె రాసి, ఆ తర్వాత తడిపిన తునికాకు ముందేసుకుని చాట ఒళ్లో పెట్టుకుంటే సాయంత్రం దాకా బీడీలే. దాన్ని ఆ ఇంట్లో పని అనరు. "కూసోని చేసేదే గదా" అంటుంది అత్త. పని అంటే వెంకటేశ్‌ది. సాంచాలు, అంటే మరమగ్గాలు, మొరాయిస్తే బాగుచేసే జాబర్ అతను. ఇంట్లో అలసిపోయే హక్కు కూడా అతనొక్కడిదే. మంగళ ఏదైనా చెప్పబోతే, "నీ బీడీల పురాణం బంద్ చెయ్యే. దినమంత సాంచాల చప్పుడు ఇని వచ్చిన, ఇంట్ల నువ్వొక సాంచవా?" అనేవాడు. కొత్తలో ఆ మాటకు ఆమె నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది, చెప్పడమూ మానేసింది.

అలాంటి మనిషి మొన్నటి వర్షాకాలంలో ఒక సాయంత్రం తానే స్టవ్ వెలిగించాడు. ఒక గ్లాసు ఆమె పక్కన పెట్టి, చాటకు ఎదురుగా చతికిలబడి, "చెప్పవే, ఏం ముచ్చట?" అన్నాడు. మంగళ చేతిలో కత్తెర ఆగిపోయింది. తననేనా అడుగుతున్నది అని వెనక్కి తిరిగి చూసింది కూడా. మరునాడు మళ్లీ అడిగాడు. ఆ మరునాడూ అడిగాడు. ఆమె చెబుతుంటే తలూపేవాడు, మధ్యలో "ఆఁ, తర్వాత?" అనేవాడు. ఆ "తర్వాత" కోసం మంగళ పొద్దంతా ముచ్చట్లు కూడబెట్టుకునేది. దాచడమెందుకు, ఆ కొన్ని నెలలూ ఆమె మొగుడి మీద మళ్లీ మనసు పడింది. తలదువ్వుకుని కూర్చునేది. కూరలో అతనికి ఇష్టమని పల్లీల పొడి ఎక్కువ వేసేది.

శీతల్ చచ్చిపోయింది కూడా ఆ వర్షాకాలంలోనే. ఆ చావుకూ ఈ చాయ్‌కూ సంబంధం ఉంటుందని మంగళకు తట్టలేదు.

శీతల్ ఆ గల్లీ ఆడపిల్ల. మంగళ షోలాపూర్‌లోని ఈ దాజీ పేట్‌కు కొత్త కోడలిగా వచ్చినప్పుడు, బడి బట్టల్లోనే పక్కన చేరి బీడీ మూతి మడవడం నేర్చుకున్న పిల్ల. పెద్దయ్యాక, వెంకటేశ్ పనిచేసే టవల్ కార్ఖానా యజమాని కొడుకు అభిజిత్ ఆమెను ఇష్టపడి చేసుకున్నాడు. హోట్గి రోడ్‌లో మూడంతస్తుల బంగళా, కారు, నాలుగేళ్ల పాప స్నేహ. గల్లీ అంతా ఆ పిల్ల అదృష్టం గురించే చెప్పుకునేది. ఆ బంగళా డాబా మీది నుంచే శీతల్ కింద పడింది. పడలేదు, మొగుడే తోశాడని పోలీసులు అభిజిత్‌ను పట్టుకుపోయారు. ఇక షోలాపూర్‌లో చాయ్ హోటళ్ల దగ్గరా, మరాఠీ చానళ్లలోనూ అదే మాట.

ఇవాళ కోర్టులో విచారణ మొదలైంది. గల్లీ ఆడవాళ్లంతా చాటలు పట్టుకుని మంగళ అరుగు మీద చేరారు. దసరాకు కార్ఖానా యజమాని సాహెబ్ ఇచ్చాడని వెంకటేశ్ తెచ్చిన కొత్త ఫోనును పక్కింటి ప్రియాంక గోడకు ఆనించింది. కోర్టు లోపలికి కెమెరాలు రానివ్వరు కాబట్టి, లోపల విన్నది బయటికొచ్చి చెబుతోంది ఒక మరాఠీ చానల్ అమ్మాయి. ఆమె వెనక ఒకే ఫొటో మళ్లీ మళ్లీ చూపిస్తున్నారు. పుట్టినరోజు కేకు ముందు శీతల్, ఆమె చంకలో తెల్ల కాలరున్న పసుపు ఫ్రాకులో స్నేహ.

మంగళ ఒక్క మాట కోసం చెవులు రిక్కించింది. సంచి మాట కోసం.

చావుకు వారం ముందు శీతల్ ఒక సంచి తెచ్చింది. తల్లి పోయాక ఆమెకు ఈ గల్లీలో మిగిలింది తాళం పడ్డ ఇల్లు, మంగళ వదిన. చాట లాక్కుని పాత అలవాటు కొద్దీ నాలుగు బీడీలు చుట్టింది. మెడ మీద కమిలిన మచ్చ పక్కకు కొంగు లాక్కుంటూ చెప్పింది. "వదినా, ఇది నీ కాడ ఉండనియ్యి. పుణెల నా కాలేజీ దోస్తు తృప్తి ఉన్నది. ఆఫీసుల పని సూసిపెట్టింది నాకు. స్నేహను తీస్కొని పోత. ఒక్కసారి గడప దాటిన్నంటే మళ్ల ఎనకకు తిరిగి సూడ." ఆ చివరి మాట అంటూ నవ్వింది. అప్పుడు అరుగు మీద వాళ్లిద్దరే ఉన్నారు.

మంగళ ఆ సంచిని అటక మీద తంబాకు బస్తా పక్కన పెట్టింది. రెండు రోజులకు దించి చూస్తే బట్టలన్నీ ఒకటే ఘాటు. చీరలు సరే, పసిపిల్లకు ఆ వాసన పడదు, దగ్గుతుంది అనుకుని స్నేహ ఫ్రాకులు మాత్రం తీసి ఉతికింది. పసుపు ఫ్రాకుకు ఊగిసలాడుతున్న గుండీని బీడీలకు చుట్టే గులాబీ రంగు దారంతోనే కుట్టింది. మళ్లీ వాసన పట్టకుండా తన ఇనప్పెట్టెలో పెట్టింది, శీతల్ వచ్చినప్పుడు సంచిలో సర్ది ఇద్దామని. శీతల్ రాలేదు, కబురు వచ్చింది.

సంచి పోలీసులకు ఇద్దామని అన్నది మంగళే. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన ఆ సాయంత్రమే వెంకటేశ్ మొదటిసారి చాయ్ పెట్టాడు. శీతల్ ఏమన్నది, ఎప్పుడు వచ్చింది, ఎక్కడికి పోతానన్నది, అన్నీ ఓపికగా అడిగాడు. గడప దాటితే వెనక్కి తిరిగి చూడనన్నదనీ, పుణెలో దోస్తు ఉందన్నదనీ చెప్పేదాకా విని లేచాడు. "ఆడోళ్లు చౌకీ మెట్లు ఎక్కుడు నక్కో. నేను ఇచ్చొస్త" అని సంచి భుజాన వేసుకున్నాడు. "అండ్ల స్నేహవి..." అని మంగళ మొదలుపెట్టేసరికి చెప్పులు తొడుక్కుంటున్నాడు. "సమజైంది, సమజైంది" అంటూ వెళ్లిపోయాడు. తిరిగొచ్చి, "ఇచ్చిన. అవసరం పడితె పిలుస్తరట" అన్నాడు. తన బరువు మొగుడు దించాడని ఆ రోజు ఆమె ఎంత తేలికపడిందో!

ఫోనులో అమ్మాయి సర్కారు వకీలు చెప్పినవి చెబుతోంది. డాబా గోడ శీతల్ ఛాతీ ఎత్తు ఉందట, కాలు జారితే దాటి పడే గోడ కాదట. మెడ మీద పాత దెబ్బలు కూడా ఉన్నాయట. ఆడవాళ్లు ముక్కులు చీదుకున్నారు. సర్కారు వకీలు మాటలు అయిపోయాయి. సంచి ఊసే లేదు. చివర్లో చెబుతారేమోలే అనుకుంది మంగళ.

తర్వాత అభిజిత్ తరఫు వకీలు లేచాడట. అతనే చెప్పాడు సంచి సంగతి.

"ఆమె పుణెలో ఉన్న మిత్రుడితో వెళ్లిపోవడానికి సిద్ధపడింది" అన్నాడట. పుట్టింటి గల్లీలో తెలిసినవాళ్లింట్లో బట్టల సంచి దాచిందట. ఆ సంచి తమ దగ్గరే ఉందట, కోర్టు ముందు పెడతారట. 'ఒక్కసారి గడప దాటితే మళ్లీ వెనక్కి తిరిగి చూడను' అని ఆ ఇంట్లోనే అన్నదట. సంగతి బయటపడి ఇంట్లో గొడవైతే, అవమానం తట్టుకోలేక తానే దూకిందట. "ఆ సంచిలో అన్నీ ఆమె చీరలే. నాలుగేళ్ల బిడ్డది ఒక్క ఫ్రాకు కూడా లేదు. ఇది ఎలాంటి తల్లో మీరే ఆలోచించండి" అన్నాడట.

శీతల్ తెలుగులో నవ్వుతూ అన్న మాట, ఎవరో తెలియని అమ్మాయి నోట మరాఠీలో వచ్చింది. ఆ మాట మంగళ ఒక్క మనిషికే చెప్పింది. చాయ్ తాగుతూ, "తర్వాత?" అని అడిగిన మనిషికి.

"మన గల్లీల ఎవలో చెప్పిన్రన్నట్టు" అన్నది ప్రియాంక. "గసొంటి నోట్ల పురుగులు పడ. పోయిన పిల్లను పట్టుకొని గింత బద్నాం చేస్తరా?"

అందరూ అవునన్నారు. మంగళ ఆకు కత్తిరిస్తూ ఉండిపోయింది. ఎప్పుడూ పొరపడని చేయి వేలు కోసుకుంది. అది కాదు ఆమెకు నొప్పి. మొగుడు అబద్ధమాడాడు, సంచి సాహెబ్ చేతిలో పెట్టాడు. లోకంలో మొగుళ్లు ఆడని అబద్ధాలా అవి! కానీ ఆ చాయ్‌లు? ఆ తలూపడాలు? పెళ్లయిన ఇన్నేళ్లకు ఒక మనిషి తన మాట వింటున్నాడని ఆమె మురిసిపోయిందే, ఆ వినడం కూడా తన కోసం కాదు. సాంచా దగ్గర పని చేసినట్టే ఇక్కడా డ్యూటీ చేశాడు. ఆమె తల దువ్వుకుని కూర్చుని మరీ శీతల్‌ను అమ్ముకుంది. ఆ సిగ్గుతో ఆమెకు అరుగు మీద నుంచి లేవాలనిపించలేదు.

సాయంత్రం వెంకటేశ్ హుషారుగా వచ్చాడు. చాయ్ గిన్నె చేతిలోకి తీసుకోబోతుంటే మంగళ అడ్డం నిలబడింది.

"నేను నీకు చెప్పిన మాట ఆ వకీలుకు ఎట్ల ఎరుక?"

అతను చిరాకుపడ్డాడు. "నేనేమన్న అబద్ధం చెప్పిన్నా? నువ్వు చెప్పిందే చెప్పిన."

"సంచి చౌకీల ఇచ్చిన్నంటివి."

"అరే, సాహెబ్ కొడుకు లోపటికి పోతె కార్ఖానా ఉంటదా? నన్ను మేస్త్రీని చేస్తనన్నడు. పిల్లల కోసమే గదనే! నీ పేరు రానియ్యొద్దని మాట తీసుకున్న. ఉత్తగ లఫడా చెయ్యకు. పోయిన పిల్ల తిరిగొస్తదా?"

"మొగోడు చేసిండంటె ఇంటి బాగుకే చేసి ఉంటడు" అన్నది అత్త లోపలి నుంచి.

మంగళ అలవాటుగా అందరికీ అన్నం వడ్డించింది, గిన్నెలు తోమింది. కార్ఖానా పని పోతే ఏమవుతుందో ఆమెకు తెలియక కాదు. మగ్గాలు బందైనప్పుడల్లా ఈ ఇంట్లో పొయ్యి బీడీల మీదే మండింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఒప్పుకోలేదు గానీ, ఆమె చేతులకు తెలుసు.

తెల్లారి పిల్లలు బడికి వెళ్లాక ఇనప్పెట్టె తెరిచింది. ఫ్రాకులు సబ్బు వాసనతో ఉన్నాయి. పసుపు ఫ్రాకు విప్పి తెల్ల కాలరు సరిచేసింది. ఊరంతా ఫొటోలో చూస్తున్న ఫ్రాకు. పండక్కి కట్టే చీర కట్టుకుని, వాటిని టవల్లో చుట్టి చంకన పెట్టుకుని బయటికొచ్చింది.

వెంకటేశ్ రాజీకన్నట్టు చాయ్ చేసి ఆమె పీట పక్కన పెట్టాడు. అప్పటికే దాని మీద మీగడ కట్టింది. చంకలోంచి జారిన పసుపు అంచు చూసి అతని ముఖం మాడిపోయింది.

"ఏందది? ఆ పోరివేనా? నీ కాడెట్ల ఉన్నయ్? నాకెందుకు చెప్పలే?"

ఆమె చెప్పులు వేసుకుంటోంది.

"ఏడికి? కోర్టుకా? మంగళా, నన్ను పనిలకెళ్లి తీసేస్తరే. నువ్వు గిట్ల పోతివంటె మళ్ల ఈ ఇంట్ల అడుగు పెట్టేది లేదు!"

గడప దాటిందామె. శీతల్ అన్న మాట గుర్తొచ్చింది. అయినా మంగళ ఒక్కసారి వెనక్కి తిరిగి అతన్ని చూసింది.

"చెప్పబోతె సగమే ఇని లేసిపోయినవు" అన్నది. "మిగిలిన సగం ఇనేటోళ్ల కాడికి పోతున్న."