మొసలి కడుపులో రాళ్లు

మా మొసలి నేల మీద ఆగడం లేదు. తోకకు కొబ్బరి తాడు వేసి నీళ్ల ట్యాంకు కాలికి కట్టాను. ఇప్పుడది వేపచెట్టు చివరి కొమ్మలకు కాస్త పైన, నాలుగు కాళ్లూ వేలాడేసి తేలుతోంది. గాలి మళ్లినప్పుడు దాని మూతి చెరువు వైపు తిరుగుతుంది.

ఈ మొసళ్ల పెంపక కేంద్రానికి నేను పశువుల డాక్టర్ని. రోజూ పొద్దున నిచ్చెన ఎక్కి దాని ఒళ్లు చూస్తాను. మొసలికి సొంత వేడి ఉండదు, చుట్టూ ఎంత ఉంటే అంతే. పైన గాలి చల్లగా ఉంది కాబట్టి ఒళ్లూ చల్లబడింది, తిన్న చేప అరగకుండా అలాగే ఉండిపోయింది. గుండె కొట్టుకుంటోంది గానీ, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య నేను దిగి, చాయ్ తాగి, మళ్లీ ఎక్కగలను.

కారణం తెలిసిందే. మొసలి రాళ్లు మింగుతుంది. నీళ్లలో మునగడానికి దానికి ఆ బరువు కావాలి. ఆ రాళ్లు కనిపించే ఎక్స్‌రే ఫిల్మును నేను కిటికీకి తగిలించి ఇంటికి వెళ్లాను. మొసళ్లకు చేపలు వేసే బూదవ్వ అది చూసింది. వాళ్లాయనకు కిడ్నీలో రాయి పడితే ఆమె ఉలవకట్టు తాగించి కరిగించింది. ఒక్క రాయికే ఆయన గోడలు గీకాడట, దీనికేమో కడుపు నిండా ఉన్నాయి. పాపమనిపించి, చేపలతో పాటు బకెట్ల కొద్దీ ఉలవకట్టు పోసింది. రాళ్లన్నీ కరిగిపోయాయి. ఒక మందు ఇంత బాగా పనిచేయడం నా సర్వీసులో నేను చూడలేదు.

రేంజర్ గారికి ఫోన్ చేస్తే, నేల విడిచింది కాబట్టి అది ఇక మన పరిధిలోకి రాదని, పక్షుల విభాగానికి అప్పజెప్పమని చెప్పారు. పక్షుల విభాగం వాళ్లు ఈకలున్నాయా అని అడిగారు. లేవన్నాను. అయితే ఆలోచించాలన్నారు.

ఎవరి పరిధి అన్నది అసలు చిక్కు కాదు. చిక్కు ఇసుకలో ఉంది. మొసలి అక్కడ గొయ్యి తవ్వి గుడ్లు పెట్టింది. ఈ ఉదయం నుంచి గుడ్లు పిలుస్తున్నాయి. పెంకులోంచి పిల్లలు పిలిస్తే తల్లి విని, ముంగాళ్లతో ఇసుక తీసి, వాటిని నోట్లో పెట్టుకొని నీళ్లకు తీసుకుపోవాలి. ఎవరూ తీయకపోతే లోపలే ఊపిరాడక చచ్చిపోతాయి.

నేను తవ్వి చూశాను. నేను జానెడు తవ్వితే గుడ్లు రెండు జానలు లోపలికి దిగుతున్నాయి. బూదవ్వ తవ్వినా అంతే. వాటికి పరాయి చెయ్యి తెలిసిపోతోంది. పిలుపు మాత్రం పలచబడుతోంది. అది వినపడినప్పుడల్లా తల్లి పైన గాలిని తవ్వుతోంది. ఆ గోళ్ల కింద ఇసుక లేకపోవడం చూడలేక నేను మొహం తిప్పుకుంటున్నాను.

చెరువు కట్ట రాళ్లు తెచ్చి దాని నోట్లో పెడతాం. బూదవ్వ తన ఇంటి నుంచి సన్నికల్లు కూడా మోసుకొస్తుంది. మొసలికి గొంతు దగ్గర తలుపు లాంటి పొర ఒకటి ఉంటుంది, నోటి నిండా నీళ్లున్నా లోపలికి పోనివ్వదు. ఆ పొర మూసుకొని అన్నిటినీ బయటికి నెట్టేస్తుంది. సన్నికల్లు పడి ట్యాంకు మూత పగులుతుంది. ఒక రాయి దవడలో ఇరుక్కుంటే తీయడానికి చెయ్యి పెడతాను. పొర తెరుచుకుంటుంది. చెయ్యి తీస్తే మూసుకుంటుంది. మళ్లీ పెడితే మళ్లీ తెరుచుకుంటుంది.

నేను చెప్పులు విడుస్తాను.

“ఉలవలు పోసింది నేను గదా డాక్టరమ్మా. దాని కడుపులకు నేనే పోత,” అంటుంది బూదవ్వ.

ఆమె చెయ్యి పెట్టినా పొర తెరుచుకుంటుంది, కాదనను. కానీ బూదవ్వ గాలివానలో స్తంభం పట్టుకొని నిలబడే మనిషి. ఆమె బరువుకు మొసలి కొమ్మల దాకా దిగుతుంది, ఇసుక దాకా దిగదు. ఆ మాటే చెబుతాను. ఇన్నేళ్లుగా నేను తగ్గించుకోవాలనుకున్న ఒళ్లు ఇవాళ ఒక పనికొస్తోంది. ఉలవకట్టు మాత్రం మళ్లీ పోయవద్దంటాను.

“పొయ్యనమ్మా. మరి నీకు బువ్వ పంపియ్యాల్నా?”

మొసలి నెలల తరబడి తినకుండా ఉండగలదని చెబుతాను. నా సంగతి చూడాలి.

లోపల చేప వాసన. మోకాళ్లు ముడుచుకొని పడుకుంటాను. నాకు భయంగా ఉంది. ఆ మాట చెప్పడానికి ఎవరూ లేరు కాబట్టి నాకే చెప్పుకుంటున్నాను. మొసలి నెమ్మదిగా దిగుతుంది, పొట్ట ఇసుకకు ఆనుతుంది. తవ్వుతున్న చప్పుడు నా వీపుకు తెలుస్తోంది. కాసేపటికి గుడ్డు పెంకు చిట్లుతుంది, తర్వాత ఇంకొకటి. పిలుపులు నా తల దగ్గరికి, దాని నోట్లోకి వచ్చేస్తాయి. బతికున్నాయి. నాకు ఏడుపొస్తోంది.

మొసలి నీళ్లలోకి దిగుతుంది. దాని గుండె ఇంకా నిదానిస్తుంది, పక్కనున్న నా గుండె కూడా దాన్ని చూసి నిదానిస్తుంది. అయినా తల్లి నోరు తెరవడం లేదు. పొర తీసి చూస్తే పిల్లలన్నీ అంగిలికి అతుక్కుపోయి ఉన్నాయి. వాటి కడుపుల్లో ఇంకా రాయి పడలేదు. తల్లి నోరు తెరిస్తే చెరువు దాటి, చెట్లు దాటి వెళ్లిపోతాయి.

నా ముందు పన్ను పట్టి లాగుతాను. కందిగింజలా ఊడి వస్తుంది. మొదటి పిల్ల దాన్ని మింగి, బరువుగా కిందికి దిగి, తల్లి పళ్ల సందులోంచి నీళ్లలోకి పోతుంది. రెండో దానికి ఇంకొకటి. లావుగా ఉన్నవాటికి దవడ పళ్లు.

చివరి పిల్ల దగ్గరికి వచ్చేసరికి నా నోట్లో ఏమీ మిగల్లేదు. అది పైపైకి పోతూ నన్నే చూస్తోంది. తోక పట్టుకొని ఆపి, నాలుకతో చిగుళ్లు తడుముకుంటాను. ముందు వైపు, పన్ను ఊడిన చోట, కొత్తది మొలుస్తోంది. మనిషి పన్ను ఇంత సూదిగా ఉండదు.

“ఆగు,” అంటాను పిల్లతో. “వస్తోంది.”